ఐదిళ్ళ హోటల్లో పాల పొంగు

మలాకా నది ఒడ్డున పాతకాలపు వర్తకుల ఇళ్ళు ఐదు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. ముందు వాకిళ్ళు వీధిలోకి, వెనక మెట్లు నడకదారి దాటి నీళ్ళలోకి. ఒకప్పుడు మిరియాలూ పోకలూ పడవల్లో వచ్చి ఆ మెట్ల మీదే దిగేవట. ఇప్పుడు దిగుతున్నది డబ్బున్నవాళ్ళు. మదాం లిమ్ అనే చీనా ఆవిడ ఆ ఐదిళ్ళనూ కొని, మధ్య గోడలకు ద్వారాలు కొట్టించి, ఒక్క హోటల్ చేసింది. ఐదు కాలాల్లో ఐదుగురు మేస్త్రీలు కట్టిన ఇళ్ళు గనక ఒకదాని నేల ఇంకోదాని నేలతో కలవదు. ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి మెట్లెక్కాలి, ఆ పక్కింట్లోకి మెట్లు దిగాలి. పొద్దున్న కాఫీకి బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి చేరతారని పనివాళ్ళు నవ్వుకుంటారు.

ఆ హోటల్‌కి తానే మేనేజరు కావాలన్నది మోహనప్రియ పట్టుదల. పట్టుదలలో తప్పేమీ లేదు. గోడల సున్నం గీకుతున్న నాటి నుంచీ ఆమె అక్కడే ఉంది. కప్పు పెంకులు కారిన వానలో బకెట్లు పెట్టింది, పనివాళ్ళను ఏరి తెచ్చుకుని తయారుచేసింది, నదిలో నీళ్ళు పొంగి వెనక మెట్లు మునిగినప్పుడు మోకాళ్ళ లోతు బురదలో దిగి నిలబడింది. తీరా తలుపులు తెరిచే వేళకు మదాం లిమ్ ఇపో అనే ఊరి నుంచి హేమనాథ్ అనే అతన్ని పిలిపించింది. అతను విదేశాల్లో పెద్ద హోటళ్ళు నడిపి వచ్చినవాడు. పేరుకు సలహాదారు, అసలు సంగతి అందరికీ తెలుసు.

"వచ్చే శనివారం ప్రారంభం. పెద్దలకు పిలుపులు వెళ్ళిపోయాయి, ఆ రోజు మారదు. ఈలోపు మీ ఇద్దరినీ చూస్తాను. ఎవరు మేనేజరో తేలుస్తాను" అంది మదాం లిమ్, ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి. ఆవిడ మాట అంతే, కొబ్బరికాయ కొట్టినట్టు ఉంటుంది. మోహనప్రియకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. కన్నబిడ్డలా పెంచిన ఇంటికి ఎవరో వచ్చి తాళాలు పట్టుకుపోతారా అని ఆమె బాధ.

హోటళ్ళలో ఒక పద్ధతుంది. అసలు అతిథులు రాకముందు సొంత మనుషులనే అతిథులుగా దింపి చూస్తారు. కుళాయి కారుతోందా, మంచం కిర్రుమంటోందా, పిలిస్తే మనిషి పలుకుతున్నాడా అని. పనివాళ్ళ తల్లులూ అత్తలూ మేనమామలూ, ప్రారంభానికి ఇంకా ఎనిమిది రోజులుండగా, ఆ శుక్రవారం ముస్తాబై దిగారు. మదాం లిమ్ కూడా అన్నిటికంటే పెద్దదైన ఐదో ఇంటి గదిలో తానే బస చేసింది. మోహనప్రియ తన తల్లి కన్నమ్మను బటాంగ్ బెర్జుంటై అనే ఊరి నుంచి రప్పించింది.

కన్నమ్మ అంటే ఎస్టేటు మనిషి. రబ్బరు చెట్లకు గీతలు పెట్టిన చెయ్యి, తర్వాత పామాయిలు గెలలు మోసిన భుజం. మొగుడు అప్పలసామి పోయాక ముగ్గురు పిల్లలను ఆ భుజం మీదే పెంచింది. హోటల్లో పడుకోవడమంటే ఆమెకు అదే మొదలు. బస్టాండులో ఆమె సంచి అందుకోబోయిన మోహనప్రియ భుజం జారిపోయింది.

"ఏముందమ్మా ఇందులో, ఇంత బరువు?"

"మురుకులు లా. నీ పనోల్లకి సేసి తెచ్చినాను" అంది కన్నమ్మ, అక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి, కూతురి కళ్ళలోకి చూడకుండా.

మూడో ఇంట్లో, మేడ మీద, నదివైపు గది తల్లికి కేటాయించింది మోహనప్రియ. గోడకు చిక్కటి నీలం, నేల మీద గులాబీ పువ్వుల పలకలు, చెక్కుడు పనితో నల్లని మంచం, దాని మీద తెల్లని పరుపు. స్నానాల గదిలో కాళ్ళున్న తొట్టి. కిటికీ తలుపులు తీస్తే కింద పడవలు. కన్నమ్మ గుమ్మంలోనే చెప్పులు విడిచి, కొంగు నడుముకి దోపుకుని, గోడను వేలితో రాసి చూసింది.

"ఏ గుడికీ ఇంత నీలం ఏసినోల్లని సూడనేదు నేను" అంది. "ఆ తొట్టిలో బట్టలుతుకుతారా?"

"మనుషులు స్నానం చేస్తారమ్మా. ముందు మంచం మీద కూచో, అలసిపోయావు."

"ఇప్పుడు కాదు. రావుకాలం నడుస్తన్నాది." ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఈ ఇంట్లో పాలు పొంగించినారా?"

"చీనావాళ్ళ హోటల్ అమ్మా. వాళ్ళ పద్ధతిలో వాళ్ళు పూజ చేసుకున్నారు. పాలూ గీలూ ఏమీ లేవు."

కన్నమ్మ ఊ కొట్టి ఊరుకుంది. మోహనప్రియ అప్పుడే అనుమానించాల్సింది. ఆ తల్లి వాదించకుండా ఊరుకుందంటే ఏదో తలపెట్టిందనే లెక్క. కానీ ఆ రోజు కూతురి బుర్ర వంద పనుల మీద ఉంది.

మధ్యాహ్నం భోజనాలు రెండో ఇంటి నడిమి వాకిట్లో జరిగాయి. పైకప్పు లేని ఆ వాకిట్లోకి వెలుతురు నిటారుగా పడుతుంది. హేమనాథ్ ఒక్కొక్క బల్ల దగ్గరకీ వెళ్ళి పలకరిస్తున్నాడు. మనిషి మర్యాదస్తుడే, అందులో అబద్ధం లేదు. కన్నమ్మ దగ్గర కూడా ఆగాడు.

"భోజనం బాగుందా ఆంటీ?"

తెలుగు వినగానే కన్నమ్మ మొహం విప్పారింది. "మీదే ఊరు బాబూ? మీ పెద్దోల్లు ఏ ఎస్టేటు?"

"ఇపో అండి. మా తాతగారు ఎస్టేటు ఆఫీసులో కిరాణీ."

అంతే, చెంచా కింద పెట్టి కన్నమ్మ గబుక్కున లేచి నిలబడింది. ఎస్టేటులో కూలి రాసేదీ కోసేదీ ఆ కిరాణీ అనే గుమాస్తాయే. ఆయన ఎదుట కూచున్న కూలి మనిషి లేడు. ఆమె కాళ్ళకు అది చిన్నప్పుడే నేర్పారు. హేమనాథ్ పాపం కంగారుపడి, కూచోండి కూచోండి అంటూ చేతులు పట్టుకున్నంత పని చేశాడు. అవతలి బల్ల దగ్గర నిలబడి అది చూసిన మోహనప్రియకి తల కొట్టేసినట్టయింది. తల్లి మీద కోపం వచ్చింది, ఆ కోపం వచ్చినందుకు తన మీద ఇంకా కోపం వచ్చింది. ఈ ఉద్యోగం పోతే తను కూడా ఇతని ఎదుట జీవితమంతా అలాగే నిలబడి ఉండాలని ఆమెకు తోచింది.

భోజనాలయ్యాక జనం గదుల్లోకి వెళ్ళి నడుం వాల్చారు. హోటల్ సద్దుమణిగింది. మోహనప్రియ ముందు వాకిట్లో బల్ల దగ్గర ఇంకా ఊపిరి పీల్చుకోనే లేదు, మంటల సైరన్ కూసింది. కూసిందంటే మామూలుగా కాదు, చెవుల్లో మేకులు కొడుతున్నట్టు. గోడకున్న పెట్టెలో ఎర్ర దీపం వెలిగింది. మూడో ఇల్లు, మేడ మీద, నదివైపు గది.

అది ఆమె తల్లి గది. మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. గది తలుపు బార్లా తీసి ఉంది, లోపలంతా తెల్లటి పొగ. కిటికీ దగ్గర నేల మీద, బల్ల మీదే ఉడికించుకు తినే భోజనాలకు జనం వాడే చిన్న గ్యాసు పొయ్యి ఒకటి. దాని చుట్టూ మాడిన పాలు. పసుపు రాసి బొట్టు పెట్టిన కొత్త గిన్నెను గుడ్డతో పట్టుకుని, కన్నమ్మ దగ్గుతూ నవ్వుతోంది.

"పొంగినాయే పాపా. తూరుపేపే పొంగినాయి."

"అమ్మా, ఏం పని ఇది?"

"కొత్తిల్లు. మడిసి పడుకోని పరుపు. పాలు పొంగించకుండా ఎవులైనా నడుం వాలుస్తారా? మన అమ్మోరి పేరు సెప్పుకుని, నీ ఉజ్జోగం నిలబడాలని పొంగించినాను." సైరన్ వైపు గడ్డంతో చూపించింది. "అదేటి, అలాగ అరస్తన్నాది?"

మోహనప్రియకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండింటికీ తీరిక లేదు. పొయ్యి ఆర్పింది, కిటికీలు తెరిచింది, తల్లిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. చేతిలోని రేడియోలో పాలు మాడాయని చెప్పగానే హేమనాథ్ గొంతు వినిపించింది. మంట లేదని తెలిసింది కదా, సైరన్ ఆపేయండి, జనాన్ని ఎండలోకి లాగొద్దు అంటున్నాడు. అది తెలివైన సలహాలాగే ఉంది. కానీ సైరన్ కూస్తే ఒక్కరు కూడా లోపల ఉండకూడదని పనివాళ్ళకు నేర్పింది మోహనప్రియే. తన తల్లి మోగించింది గనక ఈసారికి వదిలేద్దామంటే రేపు ఆ పనివాళ్ళ మొహాలు ఎలా చూస్తుంది?

"అందరూ బయటికి. నదివైపు నడకదారి మీదికి. ఒక్కరినీ వదలొద్దు" అని రేడియోలో చెప్పింది.

ఒకటి, రెండు, మూడు ఇళ్ళలోంచి జనం బిలబిలా దిగారు. వంటవాడు కాళిముత్తు తల్లి సగం జడతో వచ్చింది. నాలుగో ఇంటి నుంచి ఒక్క పురుగు రాలేదు. సైరన్ కూయగానే దానంతటదే మూసుకున్న బరువైన తలుపు తోసుకుని మోహనప్రియ అటు అడుగుపెట్టింది. అక్కడ నిశ్శబ్దం. మూర మందం గోడల అవతల సైరన్ కూత దోమ రొదలా వినిపిస్తోంది, అంతే. ఒక గదిలో ఎవరో టీవీ చూసుకుంటున్నారు. ఇంకో గదిలో గురక. ఇక్కడా, అవతలి ఐదో ఇంట్లోనూ సైరన్లు మోగడం లేదని ఆమెకు అర్థమైంది. నిన్న గాక మొన్న ఈ రెండిళ్ళకూ మళ్ళీ రంగు వేశారు. తీగలు విప్పిన కాంట్రాక్టరు మనుషులు తిరిగి కలపలేదు.

పాలు గనక సరిపోయింది. అదే నిజం మంట అయితే?

ఆమె ప్రతి తలుపూ దబదబా బాదింది. పేర్లు పెట్టి అరిచి లేపింది. ఒక ముసలాయన్ని తనే భుజం పట్టి నడిపించింది. ఐదో ఇంటి చివరి గది తలుపు ఎంత బాదినా తెరుచుకోకపోతే, తన దగ్గరున్న తాళంచెవితో తీసి లోపలికి వెళ్ళింది. మదాం లిమ్ కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

"లేవండి మదాం. బయటికి రావాలి."

"ఏమిటిది? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"తర్వాత తిట్టండి. ముందు నడవండి."

చెప్పులు వెతుక్కోబోతున్న యజమానురాలిని చెయ్యి పట్టుకుని, వట్టి కాళ్ళతోనే వెనక మెట్ల మీద నుంచి నడకదారికి లాక్కొచ్చింది. ఎండకు కాలిన రాళ్ళ మీద మదాం లిమ్ కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. నదిలో విహారానికి వచ్చిన పడవల్లోంచి జనం చేతులూపి ఫోటోలు తీసుకున్నారు. ఇంత ఖరీదైన హోటల్ ఇలా పరువు పోగొట్టుకుంటుంటే ఎవరు మాత్రం చూడకుండా పోతారు?

సైరన్ కూస్తే చాలు, బొంబా వాళ్ళకు, అంటే మంటలార్పే దళానికి, కబురు దానంతటదే వెళ్ళిపోతుంది. వాళ్ళు వచ్చేశారు. గొట్టాలు దించారు, మేడ మీద చూశారు, ఆఫీసరు దిగి వచ్చి నుదుటి చెమట తుడుచుకున్నాడు.

ఆ కాస్త వ్యవధిలో, సైరన్ల సంగతి జనం నోట విన్న హేమనాథ్ మోహనప్రియ పక్కకు వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ ఆమెతో ఇంగ్లీషు తప్ప మాట్లాడనివాడు, మొదటిసారి తెలుగులో, చాలా నెమ్మదిగా చెప్పాడు.

"పాల సంగతి చెప్పండి, చాలు. సైరన్ల మాట ఎత్తకండి. రేపు మనుషుల్ని పిలిచి లోపల్లోపల సర్దేద్దాం. ఆ మాట బయటికొస్తే శనివారం ప్రారంభం ఆగిపోతుంది. ఆగిపోతే మొదట పోయేది మీ ఉద్యోగమే. మీ మంచికే చెబుతున్నాను."

అతను నిజంగానే ఆమె మంచికే చెప్పాడు. అదే ఇంకా కష్టంగా ఉంది. ఆ ఉద్యోగం ఎంత కావాలో మోహనప్రియకి తెలిసినంత ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు, బహుశా దక్కుతుంది కూడా. నడకదారి మీద నిలబడ్డ జనాన్ని చూసింది. వాళ్ళంతా సొంత మనుషులు. శనివారం నుంచి పడుకోబోయేవాళ్ళు ఎవరో ఏమిటో తెలియదు.

"ఇక్కడ బాధ్యులెవరు?" అని మలయ్‌లో అడిగాడు ఆఫీసరు.

హేమనాథ్ తలవంచుకున్నాడు. మదాం లిమ్ వాళ్ళిద్దరి వైపే చూస్తోంది.

"నేనే" అంది మోహనప్రియ. "ఆ గదిలో ఉన్నది మా అమ్మ. కొత్త ఇంట్లో పాలు పొంగించడం మా ఆచారం. గదిలో పొయ్యి వెలిగించకూడదని ఆవిడకు చెప్పాల్సింది నేను, చెప్పలేదు."

కన్నమ్మకి మలయ్‌లో సంతలో మాట్లాడే ముక్కలు తప్ప రావు గానీ విషయం ఇట్టే పట్టేసింది. గిన్నెతో సహా ముందుకొచ్చింది. "తప్పు నాది అయ్యా. దానిది కాదు. నన్ను అనండి" అంది.

ఆఫీసరు ఆ గిన్నెనూ ఆమె మొహాన్నీ చూసి నవ్వాపుకున్నాడు. ఇక మీద పాలు వంటింట్లో పొంగించుకోమని చెప్పి, బరువు దిగినట్టు వెనక్కి తిరగబోయాడు.

"ఇంకో మాట ఉంది" అంది మోహనప్రియ. "నాలుగో ఇంట్లో, ఐదో ఇంట్లో సైరన్లు మోగలేదు. ఒక్కటి కూడా. నేను వెళ్ళి లేపేదాకా లోపల జనం నిద్రపోతున్నారు. మీరే చూడండి. అది బాగయ్యేదాకా ఈ హోటల్ తలుపులు తెరవడం కుదరదు."

హేమనాథ్ కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరు మొహంలో నవ్వు పోయింది. మనుషులను వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చి, ఆమె చెప్పింది అక్షరాలా నిజమన్నాడు. తీగలు కలిపి, మళ్ళీ తనొచ్చి చూసేదాకా ఈ ఇళ్ళలో ఎవరూ రాత్రి పడుకోకూడదన్నాడు.

ఇక మదాం లిమ్ నోటి నుంచి ఏ మాట వస్తుందా అని అందరూ బిగుసుకుపోయారు. ఆవిడ కాలిన పాదాలతో అడుగులో అడుగు వేసుకుంటూ మోహనప్రియ ఎదుటకు వచ్చింది.

"వచ్చే శనివారం ఎవరెవరు వస్తున్నారో నీకు తెలుసా?"

"తెలుసు మదాం."

"నాతో ముందొక మాట చెప్పాలనిపించలేదా?"

"అనిపించింది. మీరు వద్దంటే అప్పుడు మీ మాట కాదని చెప్పాల్సి వచ్చేది."

మదాం లిమ్ హేమనాథ్ వైపు తిరిగింది. "సైరన్ కూసినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"మొదటి ఇంటి తలుపు బయట, మదాం" అన్నాడతను. దాచుకోలేదు, ఆ మాత్రం నిజాయితీ ఉంది మనిషిలో.

"ఐదో ఇంట్లో పడుకున్నది నేను" అంది మదాం లిమ్, అందరికీ వినబడేలా. "ఇన్ని సైరన్లున్న హోటల్లో నాకొక్క చప్పుడు వినబడలేదు. ఈ పిల్ల వచ్చి, చెప్పులైనా తొడుక్కోనివ్వకుండా నన్ను ఈడ్చుకొచ్చింది. ఈడ్చుకొచ్చాక, అందరూ బయటపడింది తన వల్లేనని గొప్ప చెప్పుకోకుండా, తప్పు తన వల్లేనని చెప్పింది." ఆఫీసరు వైపు చూసింది. "బాధ్యులెవరని అడిగారుగా. మేనేజరు ఈవిడే. ఏం కావాలన్నా ఈవిడనే అడగండి. ప్రారంభం ఎప్పుడో కూడా ఈవిడే చెబుతుంది."

కాళిముత్తు ఎవరికోసమూ చూడకుండా చప్పట్లు మొదలుపెట్టాడు. పక్క బట్టలు మార్చే అమ్మాయిలు అందుకున్నారు. విషయం ఏమీ తెలియని పడవల్లో జనం కూడా చప్పట్లు కొట్టారు. మోహనప్రియ కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్న సంగతి దాచలేదు. రేడియో సరిచేసుకుని పనిలో పడింది.

"హేమనాథ్ గారూ, మీకు ఊళ్ళో హోటళ్ళవాళ్ళు బాగా తెలుసు. ఈ రాత్రికి అందరికీ గదులు చూడండి. పెద్దవాళ్ళకు మెట్లు లేని చోట."

"ఇప్పుడే చూస్తాను మేడం" అన్నాడు హేమనాథ్, ఫోను తీస్తూ. ఆ మాటలో వెక్కిరింత లేదు.

ఇంగ్లీషులోనూ మలయ్‌లోనూ గడిచిపోయిన ఈ గొడవలో కన్నమ్మకి సగమే అందింది. ఆమె వచ్చి కూతురి మోచెయ్యి పట్టుకుంది. "ఏటంట పాపా? ఆ చీనా అమ్మ ఏటన్నాది? ఉజ్జోగం పోనాదా?"

"పోలేదమ్మా." మిగతాది మోహనప్రియ తల్లి యాసలోనే చెప్పింది. "మేనేజరు నేనేనంట."

కన్నమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. అన్నది మాత్రం పూర్తిగా వేరే మాట.

"అయితే పద. పైకెల్లి ఆ తెల్ల పరుపు మీద కాసేపు పడుకుంటాను. రావుకాలం పోనాది, పాలూ పొంగినాయి."

"కుదరదమ్మా. ఈ రాత్రి ఇక్కడ ఎవరూ పడుకోకూడదు."

"ఎవులూ అంటే మిగతావోల్లు. నేను నీ తల్లిని లా."

"తల్లివైనా అంతే. నీ సంచి కిందికి తెప్పిస్తాను. అందరితో పాటు వ్యాన్ ఎక్కు."

"అంత దూరం నుంచి వచ్చినాను. ఒక్క పాలి నడుం వాల్చనేదు. కన్నతల్లినే గెంటేస్తావేటే?"

"గెంటేస్తాను" అంది మోహనప్రియ. "మేనేజర్ని."

కన్నమ్మ కూతుర్ని కింది నుంచి పైదాకా ఓసారి చూసింది. ఆ చూపులో ఏమూలా కోపం లేదు. తర్వాత కొంగు భుజాన వేసుకుని, జనం మధ్యలోంచి వ్యాన్ వైపు నడిచింది. కాళిముత్తు తల్లికి తమిళంలో, బొంబా వాళ్ళకు మలయ్‌లో, ఎదురొచ్చిన మిగతావాళ్ళకు తెలుగులో, అర్థమైనవాళ్ళకూ కానివాళ్ళకూ ఒకటే మాట చెప్పుకుంటూ పోయింది.

"సూసినారా? నా కూతురు నన్ను గెంటేసినాది. ఈ ఐదిల్లూ ఇప్పుడు దాని మాట మీదే నడస్తాయి."